నెగటివ్ వచ్చింది సరే, నయమైందా?

హైదరాబాదు - బెంగళూరు రైళ్ళలో తిరిగే మన సాఫ్ట్‌వేరు జనాభాకి డోన్ స్టేషన్ తెలిసే ఉంటుంది. పాతపేరు ద్రోణాచలం. కర్నూలు, గుంతకల్లు, నంద్యాల వైపు లైన్లు కలిసే జంక్షన్. 2022 ఏప్రిల్ దాకా కర్నూలు జిల్లా, ఇప్పుడు నంద్యాల జిల్లా. మా అమ్మ వాళ్ళ ఊరు. అందుకే మహమ్మారుల చరిత్ర చదివినప్పుడల్లా నాకు ముందు డోనే గుర్తొస్తుంది.

ఆ చరిత్రలో నాకు నచ్చని విషయం ఒకటుంది. ఏ జబ్బు లెక్క చూసినా మూడే గళ్ళు: సోకినవాళ్ళు, పోయినవాళ్ళు, కోలుకున్నవాళ్ళు. మూడో గడిలో పడ్డవాళ్ళు ఆ తర్వాత ఏమయ్యారో ఎవరికీ పట్టదు. మన భాషలో చెప్పాలంటే టికెట్ క్లోజ్ చేసేశారు, బగ్ మాత్రం అలాగే ఉంది :)

1918 సంగతే తీసుకోండి. ఆ ఏడాది జూన్‌లో బొంబాయి రేవులో దిగిన ఇన్‌ఫ్లుయెంజా రైలెక్కి దేశమంతా తిరిగింది. దేశంలో కోటిమందికి పైగా పోయారని అంచనా. మద్రాసు ప్రెసిడెన్సీలో గ్రామాధికారి దగ్గర చావుపుట్టుకల రిజిస్టరు ఉండేది. చచ్చినవాడు అందులోకి ఎక్కేవాడు. బతికి బయటపడి, నాగలి పట్టే ఓపిక లేక అరుగు మీద కూర్చున్నవాడికి మాత్రం ఏ రిజిస్టర్లోనూ చోటు లేదు. అదే కాలంలో యూరప్‌లో మనుషుల్ని నెలల తరబడి మత్తులో పడేసే ఒక వింత జబ్బును వియన్నా డాక్టరు ఫాన్ ఎకనమో 1917లో వర్ణించాడు. దానికీ ఫ్లూకీ సంబంధం ఉందో లేదో నేటికీ తేలలేదు. కానీ కనీసం ఒకాయన కూర్చుని రాసిపెట్టాడు కాబట్టి వందేళ్ళ తర్వాత కూడా మనం వాదించుకోగలుగుతున్నాం. మనవైపు రాసినవాళ్ళేరీ?

అంత వెనక్కెందుకు, చికున్‌గున్యా చూడండి. ముప్పై ఏళ్ళకు పైగా కనబడకుండాపోయి 2005 చివర్లో తిరిగొచ్చినప్పుడు ముందు దెబ్బతిన్న ప్రాంతాల్లో మన రాయలసీమ ఒకటి. 2006లో దేశం మొత్తమ్మీద అనుమానిత కేసులు 13 లక్షలు దాటాయి. చికున్‌గున్యా అంటే ఆఫ్రికాలోని మకొండే భాషలో 'వంగిపోవడం' అట. జ్వరం వారంలో పోయేది, కీళ్ళనొప్పులు మాత్రం నెలలు, కొందరికి ఏళ్ళు. నేనప్పటికి బళ్ళో చదివే పిల్లాణ్ణి. మా అవ్వ పొద్దున్నే గోడ పట్టుకుని లేవడం బాగా గుర్తు. ప్రాణం తీసే జబ్బు కాదులే అని అందరూ తేలిగ్గా తీసుకున్నారు.

ఇక కోవిడ్. 2020 ఏప్రిల్‌లో రాష్ట్రంలో ఎక్కువ కేసులు కర్నూలు జిల్లాలోనే. చివరికి ఆంధ్రప్రదేశ్ లెక్క 23 లక్షల పైచిలుకు కేసులు, 14,700 పైగా మరణాలు. మిగతావాళ్ళంతా 'రికవర్డ్'. అందులో మా మామ ఒకడు. 2021 మేలో వచ్చింది, పదిహేను రోజులకి నెగటివ్. ఆ తర్వాత ఎప్పుడు ఫోన్ చేసినా ఇదే మాట: "మెట్లెక్కితే గుండె దడదడా కొట్టుకుంటాంది రా, రిపోర్టుల్లో మాత్రం అంతా బాగుందంటాండారు."

ఈ బాధకి పేరు పెట్టింది డాక్టర్లు కాదు, రోగులే. 2020 మేలో ఇటలీకి చెందిన ఎలీసా పెరెగో అనే పురావస్తు పరిశోధకురాలు ట్విట్టర్లో 'లాంగ్ కోవిడ్' అంది, ఆ మాట నిలబడిపోయింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వచనం ఇవ్వడానికి 2021 అక్టోబర్ దాకా పట్టింది: జబ్బు మొదలైన మూడు నెలల తర్వాత కూడా కనీసం రెండు నెలలపాటు ఉండే, వేరే కారణం దొరకని లక్షణాలు. ఆయాసం, నిస్సత్తువ, మతిమరుపు, గుండెదడ. ఇదీ అని తేల్చే ఒకే ఒక్క రక్తపరీక్ష ఇప్పటికీ లేదు. చాలామందిలో శ్రమ చేసిన మర్నాడో, ఆ మర్నాడో నీరసం రెట్టింపవుతుంది. కాబట్టి "నాలుగడుగులు ఎక్కువ నడువు, అదే పోతుంది" అన్న సలహా అందరికీ పనికిరాదు, కొందరికి హాని కూడా.

ఇక్కడే నాకు అసలు బాధ. మనకైతే వర్క్ ఫ్రమ్ హోమ్ ఉంది, సిక్ లీవు ఉంది, ఇన్సూరెన్సు ఉంది. బేతంచెర్ల నాపరాళ్ళ ఫ్యాక్టరీల్లో బండలు మోసేవాడికి ఏముంది? వాడి నీరసానికి పేరు లాంగ్ కోవిడ్ కాదు, 'ఒళ్ళొంగడంలేదు'. రెండ్రోజులు పనిమానేస్తే మూడోరోజు వాడి స్థానంలో ఇంకొకడుంటాడు. వందేళ్ళ కిందట అరుగు మీద కూర్చున్నవాడికీ వీడికీ తేడా ఏమిటి చెప్పండి? అప్పటి రిజిస్టర్లో లేడు, ఇప్పటి డాష్‌బోర్డులోనూ లేడు.

మందు కనిపెట్టడం మన చేతిలో లేదు. కానీ రాసిపెట్టడం ఉంది. మీ ఇంట్లోనో టీములోనో ఎవరైనా "అప్పట్నుంచీ ఓపిక లేదు" అంటే, రిపోర్టు నార్మల్ కదా అని కొట్టిపారేయకండి. ఎప్పట్నుంచి, ఏం చేస్తే ఎక్కువవుతోంది, అడిగి తేదీలతో సహా రాయించండి. డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఆ కాగితం పట్టుకెళ్ళమనండి. మామ చేత నేను చేయిస్తున్న పని అదే. రోజుకి ఒక్క లైను, పాత క్యాలెండరు వెనకవైపు.