నాణెం ఒకటే.. వెలుగు మారితే అక్షరమే మారుతుంది

శాతవాహనుల తొలినాళ్ల చరిత్రకు ముఖ్యాధారాల్లో కోటిలింగాల నాణేలు ఒకటి. గోదావరిలో పెద్దవాగు కలిసే చోట, ఒకప్పటి కరీంనగర్, ఇప్పటి జగిత్యాల జిల్లాలో ఉన్న ఈ గ్రామంలో దొరికిన నాణేలు గోబద, నారన, కంవాయ, సమగోప వంటి పాలకుల పేర్లను వెలుగులోకి తెచ్చాయి. ‘ఛిముక’ అన్న పేరున్నవి పురాణాల్లోని సిముకునితో పోల్చి చూసే అవకాశం కల్పించాయి. బొటనవేలి గోరంత లోహపు ముక్కపై అరిగిపోయిన నాలుగైదు బ్రాహ్మీ అక్షరాలే ఇంత చర్చకూ మూలం. ఆ నాణేలను చేతిలోకి తీసుకుని చదివిన పండితులు కొద్దిమందే. తక్కిన వారంతా ఛాయాచిత్రాన్ని చూసి చదవవలసిందే. అందుకే నాణేల ఫొటోగ్రఫీలో ఏ పద్ధతి దేనికి పనికివస్తుందన్నది చరిత్ర విద్యార్థులూ సేకర్తలూ తెలుసుకోదగిన విషయం.

బ్రాహ్మీలో ‘క’ కూడిక గుర్తును పోలి ఉంటుంది. ‘ర’ దాదాపు ఒక నిలువు గీత. నాణేనికి పక్క నుంచి, బాగా కిందుగా ఒకే దీపం పెడితే నిలువు గీతకు నీడ పడి స్పష్టంగా కనిపిస్తుంది. అడ్డగీత మాత్రం వెలుగు వచ్చే దిక్కుకు సమాంతరంగా ఉండటంతో నీడ లేక కలిసిపోతుంది. నాణెంపై ఉన్న ‘క’ ఫొటోలో ‘ర’ అయి కూర్చుంటుంది. గుణింతపు గుర్తుల సంగతి మరీ సున్నితం. చిన్న అడ్డగీత ఒకటి కనబడకపోతే దీర్ఘం పోతుంది, పేరే మారుతుంది.

ఏటవాలు వెలుగు

ఈ ప్రమాదం ఉన్నా, అరిగిన నాణేలకు ఏటవాలు వెలుగును మించిన పద్ధతి లేదు. గదిని చీకటి చేసి, దీపాన్ని నాణెం అంచుకు కొద్దిగా పైన ఉంచి తీస్తారు. కంటికి నునుపుగా కనిపించే సీసపు బిళ్లపై కూడా గీతలు, గుర్తులు లేచి వస్తాయి. దీని ఉపయోగం తెలియాలంటే మహారాష్ట్రలోని నాసిక్ జిల్లా జోగల్‌తంబిలో 1906లో బయటపడిన నిధిని గుర్తుచేసుకోవాలి. అందులో 13 వేలకు పైగా ఉన్న వెండి నాణేలు క్షహరాత రాజు నహపానునివి. వాటిలో దాదాపు మూడింట రెండు వంతులపై గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్రలను మళ్లీ కొట్టించాడు. నహపానుని ముఖంపై శాతవాహనుల కొండ గుర్తు, మరోవైపు ఉజ్జయిని గుర్తు పడ్డాయి. ఇటువంటి నాణేన్ని నలువైపులా సమానంగా వెలుగు పడేలా తీస్తే పై ముద్ర ఒక్కటే కనిపించి, అడుగున మిగిలిన పాత ముఖం మసకబారుతుంది. ఏటవాలు వెలుగులో, దీపాన్ని చుట్టూ జరుపుతూ నాలుగైదు ఫొటోలు తీస్తే ఓడిన రాజూ గెలిచిన రాజూ ఒకే లోహంపై కనిపిస్తారు.

దీపం ఎప్పుడూ బొమ్మకు పైవైపు నుంచి, సాధారణంగా ఎడమ పైమూల నుంచి రావాలన్నది పాత ఆనవాయితీ. దీనికి కారణం ఉంది. వెలుగు పై నుంచే వస్తుందని మన కన్ను అలవాటుగా అనుకుంటుంది. దీపం కింది వైపు నుంచి పెట్టి తీస్తే, ఉబ్బెత్తుగా ఉన్న ముఖం గుంటలా కనిపించి చూసేవారిని తికమక పెడుతుంది.

అచ్చు తీసి ఫొటో

19వ శతాబ్ది చివర, 20వ శతాబ్ది తొలినాళ్లలో పెద్ద మ్యూజియాలు నాణేన్ని నేరుగా ఫొటో తీసేవి కావు. ప్లాస్టర్‌తో నాణేనికి నకలు పోసి, దాన్ని తీసేవి. శాతవాహన, పశ్చిమ క్షత్రప నాణేలపై 1908లో రాప్సన్ పట్టిక వెలువరించిన లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలోనూ ఆ కాలంలో నడిచిన సంప్రదాయం ఇదే. తెల్లని ప్లాస్టర్‌పై మెరుపు ఉండదు, చిలుము మరకలుండవు. వెండి, రాగి, సీసం అన్నీ ఒకే తీరున కనిపించడంతో ముద్రల పోలిక తేలిక. లోహపు రంగు, పైపూత, గీతలు మాత్రం పూర్తిగా పోతాయి. మెత్తని సీసపు నాణేన్ని అచ్చుకోసం మట్టిలో ఒత్తడం కూడా క్షేమం కాదు. కెమెరాలు మెరుగుపడ్డాక ఈ పద్ధతి వెనుకబడటం సహజమే అయినా, పాత పుస్తకాల్లోని ఆ నలుపు తెలుపు చిత్రాల స్పష్టతను నేటి రంగుల ఫొటోలు చాలావరకు అందుకోలేకపోతున్నాయి.

కొత్త నాణేల తీరు వేరు. టంకశాల నుంచి వచ్చిన అద్దంలాంటి ప్రూఫ్ నాణేన్ని మామూలుగా తీస్తే అందులో కెమెరాయే కనిపిస్తుంది. దీనికి కెమెరాకు, నాణేనికి మధ్య పల్చని గాజుపలకను 45 డిగ్రీల వాలులో ఉంచుతారు. పక్కనున్న దీపం వెలుగు ఆ గాజుపై పడి నిటారుగా నాణెం మీదికి దిగుతుంది. కెమెరా గాజులోంచి చూస్తుంది. నేపథ్యం తెల్లగా, బొమ్మ అంచులు నల్లగా తేలి, లోహంపై ఏర్పడిన రంగులు నిండుగా కనిపిస్తాయి. ఇదే పద్ధతిలో అరిగిన రాగి నాణెం తీస్తే కాగితంపై పడ్డ మరకలా ఉంటుంది. రెండు దీపాలను ఎత్తుగా పెట్టి తీస్తే ప్రూఫ్ నాణెం ఇందుకు తారుమారుగా, నల్లని నేపథ్యంపై తెల్లని బొమ్మగా వస్తుంది.

సేకర్తల విపణిలో ఈ తేడాలకు డబ్బుతో సంబంధం ఉంది. అమెరికాలో పీసీజీఎస్ (1986), ఎన్‌జీసీ (1987) వంటి సంస్థలు నాణేలకు శ్రేణి నిర్ణయించి ప్లాస్టిక్ పెట్టెలో భద్రపరిచే పద్ధతి తెచ్చాక, నాణేన్ని ఫొటోను చూసి కొనడం పెరిగింది. పలుచని తెరగుండా వడకట్టిన మెత్తని వెలుగు సన్నని గీతలను దాచేస్తుంది. పక్కవెలుగు వాటినే భూతద్దంలో చూపినట్లు చూపుతుంది. రెండూ అబద్ధాలు కావు. అమ్మకందారు మొదటిదే పంపితే, కొనుగోలుదారు రెండోది అడగడం మంచిది.

స్కానర్‌ను చాలామంది చిన్నచూపు చూస్తారు గానీ గుర్తింపు కోసమైతే అది చాలు. దాని దీపం ఒకే దిక్కు నుంచి వస్తుంది కనుక నాణేన్ని తిప్పి పెట్టి రెండు మూడు సార్లు స్కాన్ చేయాలి.

దిక్కు సమస్యకు అసలైన పరిష్కారం 2001లో హ్యూలెట్ ప్యాకార్డ్ ప్రయోగశాలలో టామ్ మాల్జ్‌బెండర్ బృందం ప్రకటించిన పద్ధతి నుంచి వచ్చింది. కెమెరాను, వస్తువును కదపకుండా దీపం దిక్కును మాత్రం మారుస్తూ పదుల సంఖ్యలో చిత్రాలు తీస్తారు. కంప్యూటర్ వాటిని కలిపి, చూసేవారు తెరపై తమకిష్టమైన దిక్కు నుంచి వెలుగు వేసుకునే వీలు కల్పిస్తుంది. ‘క’నో ‘ర’నో తేల్చుకోవడం అప్పుడు చదివేవారి చేతిలోనే ఉంటుంది.

పొలంలో, ఇంటి పునాదిలో నాణెం దొరికినవారు ముందుగా చేసే పని చింతపండు, బూడిదతో తోమడం. చిలుముతో పాటు అక్షరపు అంచులూ పోతాయి, తర్వాత ఏ దీపమూ వాటిని తిరిగి తేలేదు. దొరికింది దొరికినట్లే, పక్కన కొలబద్ద పెట్టి, బొమ్మను, బొరుసును పై నుంచి ఒకసారి, పక్క నుంచి ఒకసారి వెలుగు పడేలా తీసి, బరువు గ్రాముల్లో రాసుకుని అధికారులకు తెలపాలి. నేలలో దొరికిన నిధిని దాచుకోవడం చట్టరీత్యా నేరం. ఆ తొలి ఫొటోలతో పాటు ఎక్కడ, ఎంత లోతులో దొరికిందో రాసిన కాగితం కూడా ఉంటే పురావస్తు శాఖ వారికి నాణెమంత విలువైనదవుతుంది.