కదలని దీపాల పరుగు

కోటప్పకొండ తిరునాళ్ళ రాత్రి విద్యుత్ ప్రభ మీద చక్రం గిరగిరా తిరుగుతుంది, నెమలి పురి విప్పుతుంది, రంగుల ధార అడుగు నుంచి కొసదాకా ఎగజిమ్ముతుంది. చూసేవాళ్ళ తలలు కూడా దాంతో పాటే పైకి లేస్తాయి. నిజానికి ఆ చట్రం మీద ఒక్క బల్బు కూడా చోటు మారదు. కొన్ని వెలుగుతాయి, కొన్ని ఆరుతాయి, అదీ ఒక వరుసలో. ఆ వరుసను ఎవరు కూర్చారు, ఎందులో దాచారు అన్నదే ఈ వెలుగుల పుట్టుపూర్వోత్తరం.

నరసరావుపేటకు సుమారు 13 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ కొండ మీద త్రికోటేశ్వరస్వామి కొలువు. మహాశివరాత్రికి చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు మొక్కుబడిగా ప్రభ కట్టుకుని రావడం పల్నాటి ఆచారం. కర్రల చట్రం, రంగు గుడ్డలు, కాగితం పూలు, అద్దాలు, నడుమ స్వామి పటం. ఇంటి మొక్కుకు చిన్న ప్రభ చాలు. ఊరుమ్మడి ప్రభ అయితే దానికి ఎత్తూ ఉండాలి, పోటీ ఉండాలి. గుడ్డ, అద్దం అందం పగటి వెలుగులోనే బాగా తెలిసేది. కరెంటు బల్బు వచ్చాక ప్రభ సొగసు రాత్రికి మారింది. చిలకలూరిపేట వైపు పురుషోత్తమపట్నం లాంటి ఊళ్ళ నుంచి 80, 90 అడుగుల విద్యుత్ ప్రభలు బయల్దేరుతాయి. వెంట జనరేటర్, ఒరిగిపోకుండా పక్కల మోకులు పట్టే మనుషులు, దారిలో తీగలు తగలకుండా సరఫరా ఆపే కరెంటు సిబ్బంది.

ఈ వెలుగులకు మొదటి మెట్టు సీరియల్ సెట్టు. 6 వోల్టుల చిన్న బల్బులు ముప్పై ఎనిమిదో నలభయ్యో వరుసగా కలిపితే 230 వోల్టుల కరెంటును పంచుకుంటాయి. ఒక్కటి మాడితే సెట్టంతా ఆరిపోతుంది. ఏది పోయిందో వెతకడానికి ఒక మనిషి ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి. ఈ సెట్లు వెలిగేవే గాని, వాటికి నడక రాదు.

నడక రావాలంటే కంటిని నమ్మించాలి. పక్కపక్కనే ఉన్న రెండు దీపాల్లో ఒకటి ఆరగానే రెండోది వెలిగితే, కన్ను రెండు దీపాలను చూడదు, ఇటు నుంచి అటు జరిగిన ఒకే దీపాన్ని చూస్తుంది. మనస్తత్వ శాస్త్రవేత్త మాక్స్ వెర్తైమర్ 1912లో దీని మీద పరిశోధన పత్రం ప్రచురించాడు. రెంటి మధ్య వ్యవధి మరీ తగ్గితే రెండూ ఒకేసారి వెలిగినట్టుంటాయి, మరీ పెరిగితే దేనికదే విడివిడిగా కనిపిస్తుంది. కదలిక పుట్టేది ఆ నడిమి వేగంలోనే.

ఆ వేగాన్ని మొదట యంత్రాలతో పట్టారు. 1928లో న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లో ఒక భవనం చుట్టూ 14,800 బల్బులతో వార్తలు పరుగెత్తించారు. అక్షరాల అచ్చులు ఒక గొలుసు మీద సాగుతూ కరెంటు మొనలను తాకేవి, తాకిన చోట పైన బల్బులు వెలిగేవి. మన పందిళ్ళ లైటింగ్‌కు ఇదే సూత్రం చెక్క డ్రమ్ము రూపంలో పనికొచ్చింది. డ్రమ్ము మీద రాగి రేకులు కొడతారు, చిన్న మోటారు దాన్ని తిప్పుతుంది, రేకు తగిలినంతసేపూ ఆ వరుస బల్బులు వెలుగుతాయి. నెమలి పురి ఎంతసేపట్లో విప్పుకోవాలో రేకు పొడవు చెబుతుంది. డిజైన్ మార్చాలంటే రేకులు పీకి మళ్ళీ కొట్టుకోవాలి.

1971లో హాన్స్ కామెంజిండ్ అనే ఇంజనీరు 555 అనే టైమర్ చిప్ రూపొందించాడు, మరుసటి ఏడు అది బజారుకొచ్చింది. దాని పక్కన 4017 అనే లెక్కింపు చిప్ పెడితే పది కాళ్ళకు ఒకదాని తర్వాత ఒకటిగా కరెంటు అందుతుంది. ఒక నాబ్ తిప్పితే వేగం మారుతుంది. రేడియో రిపేరు తెలిసినవాడు రన్నింగ్ లైట్ల పెట్టె సొంతంగా కట్టుకోగలిగాడు.

ఈలోగా కదిలే దీపం కంప్యూటర్ తెర మీదికీ ఎక్కింది, అదీ వేరే అవసరంతో. పాత గాజు గొట్టం తెరల మీద ఒకే బొమ్మ గంటలకొద్దీ నిలిస్తే దాని మచ్చ శాశ్వతంగా పడేది. 1983లో జాన్ సోచా రాసిన చిన్న ప్రోగ్రామ్, మూడు నిమిషాలు ఎవరూ కీ నొక్కకపోతే తెరను నల్లగా చేసేది. స్క్రీన్‌సేవర్లకు అది ఆరంభం. నలుపు బదులు బొమ్మలు ఆడించే సరదా తర్వాత వచ్చింది. వాటిలో ఒకటి లావా లాంప్. అసలు దీపాన్ని 1963లో బ్రిటన్‌లో ఎడ్వర్డ్ క్రేవెన్ వాకర్ అమ్మకానికి తెచ్చాడు. గాజు సీసాలో మైనం కింది బల్బు వేడికి కరిగి, తేలికై పైకి లేస్తుంది, చల్లారి దిగుతుంది. జేమీ జవిన్‌స్కీ 1992లో మొదలుపెట్టిన ఎక్స్‌స్క్రీన్‌సేవర్ సంకలనంలో లావాలైట్ పేరుతో దీని నకలు ఉంది. సెట్టింగుల్లో మైనం ముద్దలు ఎన్నో, వేగం ఎంతో, సీసా ఆకారం ఏదో మనమే ఎంచుకోవచ్చు. అసలు దీపం వేడెక్కడానికి గంటకు పైగా పడుతుంది. అంతసేపు ఆగలేనివాళ్ళ కోసం ముద్దలు ముందే తేలుతూ మొదలయ్యే మీట కూడా పెట్టారు.

తెర కూడా ఒక ప్రభే. 1920 బై 1080 తెర మీద ఇరవై లక్షలకు పైగా చుక్కలు ఉన్నచోటే ఉండి రంగు మారుస్తుంటాయి, మనకు మైనం తేలినట్టుంటుంది. ఇప్పుడు పిక్సెల్ ఎల్ఈడీలతో ప్రభకూ అదే వీలు చిక్కింది. ఎరుపు, ఆకుపచ్చ ఉన్నా సరైన నీలం లేక చాలాకాలం అన్ని రంగులూ కుదరలేదు. ప్రకాశవంతమైన నీలం ఎల్ఈడీ కనిపెట్టినందుకే అకసాకి, అమానో, నకమురాలకు 2014 నోబెల్ బహుమతి వచ్చింది. ఒక్కో పిక్సెల్‌లో మూడు రంగులు, ఒక్కోదానికి 256 స్థాయులు, కలిపితే కోటీ అరవై ఏడు లక్షల పైచిలుకు ఛాయలు. డిజైన్‌ను కంప్యూటర్‌లో కూర్చి, మెమరీ కార్డులో ఎక్కించి, కంట్రోలర్‌లో గుచ్చితే చాలు. ప్రతి పిక్సెల్ తన వంతు సమాచారం తీసుకుని మిగతాది పక్కదానికి పంపుతుంది. అందుకే మామూలు రకంలో ఒకటి చెడితే దాని తర్వాతివన్నీ దారి తప్పుతాయి. సీరియల్ సెట్టు నాటి వెతుకులాట ఇంకా పోలేదన్నమాట.

చెక్క డ్రమ్ము నుంచి మెమరీ కార్డు దాకా పనిముట్లు మారాయి, తేల్చుకోవలసిన ప్రశ్నలు మాత్రం అవే: ఎంత వేగం, ఎంత ఎడం, ఏ దిక్కు, ఏ రంగు. వీటికి జవాబు చూసేవాడు నిలబడ్డ చోటును బట్టి ఉంటుంది. స్క్రీన్‌సేవర్‌ను మూరెడు దూరం నుంచి చూస్తాం, సన్నని గీత కూడా తెలుస్తుంది. ప్రభను పొలాల అవతల రోడ్డు మీద నుంచీ చూస్తారు. అంత దూరానికి దగ్గరదగ్గర దీపాలు కలిసిపోతాయి, సన్నని పనితనం చెరిగిపోతుంది. కంప్యూటర్‌లో ముచ్చటగా కనిపించిన పువ్వు ఎనభై అడుగుల ఎత్తున వట్టి మెరుపుగా మిగలవచ్చు. కనుక తెర ముందు కూర్చుని డిజైన్ కూర్చేవాడు కూడా ఒకసారి కుర్చీ వదిలి, ఊరి బయటిదాకా నడిచి, అక్కణ్ణుంచి తన ప్రభను చూసుకోవాలి. మంచి సెట్టింగ్ ఏదో అక్కడే తేలుతుంది.