పూసల పట్టీ చెప్పే చరిత్ర

కాపెల్‌లో స్థిరపడిన మన కుటుంబాలలో కొందరి ఇండ్లలో, డర్బను నుండి తెచ్చుకొన్న జూలూ పూసల పట్టీ గోడకు వ్రేలాడుతూ ఉంటుంది. అందానికి పెట్టుకొన్నాము గాని, దానిని చదవడం మనం నేర్చుకోలేదు.

1860 నవంబరు 16న 'ట్రురో' ఓడ మద్రాసు నుండి 342 మందితో డర్బను చేరినది. 1911 వరకు సుమారు 1,52,000 మంది నేటాలుకు వెళ్ళారు. వారిలో ఉత్తర ఆర్కాటు, విశాఖపట్టణం జిల్లాల తెలుగువారు వేలకొలది. ఆ దేశంతో మన సంబంధం ఆనాడే మొదలైనదని సభలలో చెప్పుకొంటూ వచ్చాము. అయితే మన దేశపు పూసలు మనకంటే ఎనిమిది వందల ఏండ్ల ముందే అక్కడికి చేరినవి.

లింపోపో నది ప్రాంతంలో మాపుంగుబ్వే ప్రక్కన కే-2 అనే పాతదిబ్బ ఉన్నది. అక్కడ దొరికిన 11వ శతాబ్దపు చిన్న గాజుపూసలు దక్షిణాసియా గాజుతో చేసినవి. కరిగిన గాజును బోలుగొట్టంగా సాగదీసి, ముక్కలుచేసి, మళ్ళీ వేడిచేసి అంచులు నునుపు చేసే పని అది. ఆ పనినే కాళహస్తి దగ్గరి పాపానాయుడుపేటలో 20వ శతాబ్దపు చివరి దశకాలలో కూడ పరిశోధకులు కళ్ళారా చూశారు. పాపానాయుడుపేట పూసలే అక్కడికి పోయినవని మేము అనడం లేదు. అంత గర్వానికి ఆధారం లేదు. మాకు ముచ్చటైన సంగతి వేరు. కే-2 వాసులు ఆ చిన్నపూసలను కరిగించి, మట్టి అచ్చులలో పోసి, తమకు నచ్చిన పెద్దపూసలు చేసుకొన్నారు. సరుకు సముద్రం దాటి వచ్చినది, రూపం వారిది.

జూలూ పట్టీల సంగతీ అంతే. 19వ శతాబ్దంలో ఆ పూసలు ఎక్కువగా యూరపు నుండి దిగుమతి అయినవి. వాటితో పడుచులు తమ ప్రియులకు అల్లి ఇచ్చిన భాష మాత్రం అక్కడిదే. యాత్రికులకు అమ్మే పట్టీలతో వచ్చే చీటీలలో ఈ రంగుకు ఇది అర్థమని నిఘంటువు వలె ఉంటుంది. దానిని పూర్తిగా నమ్మరాదు. ఒకే రంగు మంచికీ, చెడుకూ వస్తుంది. ప్రక్కనున్న రంగును బట్టి, ప్రాంతాన్ని బట్టి అర్థం మారుతుంది. మన సంక్రాంతి రథం ముగ్గునే తీసుకోండి. దాని తాడును వీధిలోకి లాగి ఎదురింటి రథంతో ఎందుకు కలుపుతారో గీతలు చూసి పరాయివారు చెప్పగలరా? ఆ ఇంటి ఆడవారిని అడగాలి.

చెరకు తోటల కాలంలో మనవారికి అలా అడగడానికి జూలూ ఇరుగుపొరుగు ఉండేది. 1950 నాటి గ్రూప్ ఏరియాస్ చట్టం జాతిజాతికీ వేరు పేటలు కేటాయించినది; 1991లో గాని అది రద్దు కాలేదు. ఈ నడుమ రెండు తరాలు గడిచినవి.

మీ ఇంటి పట్టీ ఏ ఊరిదో, ఎవరు ఎవరికి అల్లినదో తెలిసిన పెద్దలు ఉంటే అడిగి, వ్రాసి మాకు పంపండి. వెనుకవైపు ముడులు కూడ కనబడేటట్లు ఫోటో తీయడం మరువకండి.