రాయ్‌పూర్ పశువుల్లో హార్మోన్ల లయ: కొట్టం, మేత, వేసవి రాత్రి

ఆవు రక్తంలో ఫలానా హార్మోన్ ఇంత ఉందని రాసి ఊరుకుంటే సగం మాటే చెప్పినట్టు. రక్తం ఏ వేళ తీశారు, పశువు కట్టు మీద ఉందా మందలో ఉందా, మేత వేసి ఎంతసేపైంది అన్నవి లేని అంకెను దేనితోనూ పోల్చలేం. రాయ్‌పూర్, దుర్గ్, బిలాస్‌పూర్ మైదానంలోని కోసలి ఆవు చిన్నది, పాలూ తక్కువ. పగలంతా రౌత్ కాపరి వెంట మందలో తిరిగి పొద్దుగూకే వేళకు కొట్టం చేరుతుంది. నగర శివారు డెయిరీలోని సంకర జాతి ఆవు సాధారణంగా రేకుల కప్పు కింద ఒకే కట్టుకొయ్యకు ఉంటుంది. ఈ రెండింటి మధ్య కనిపించే తేడానంతా జాతి ఖాతాలో వేసేయడం మనకు అలవాటైపోయింది.

కార్టిసాల్‌నే చూద్దాం. ఆవులో దాని దినలయ బలహీనం. పైగా రమారమి రెండు గంటలకోసారి ఎగసి తగ్గుతుంటుంది. ముకుతాడు బిగించి మెడ సిరలో సూది దించేసరికే బెదురుగొడ్డులో అది పెరిగిపోవచ్చు. అప్పుడు మనం కొలిచింది కొట్టం తాలూకు ఒత్తిడినా, మన చేతి భయాన్నా? పేడలోని కార్టిసాల్ అవశేషాలు సుమారు పది పన్నెండు గంటల కిందటి సంగతి చెబుతాయి, పశువును పట్టే పని లేదు. నా మొగ్గు పేడ వైపే. 2020లో గోధన్ న్యాయ్ యోజన పెట్టి కిలో రెండు రూపాయలకు పేడ కొన్న రాష్ట్రంలో నమూనాలకు కరువేముంది!

మేత ప్రధానంగా వరిగడ్డి. అందులో మాంసకృత్తులు 3–4 శాతమే. ఈనిన ఆవుకు శక్తి చాలకపోతే ఇన్సులిన్, ఐజీఎఫ్-1 తగ్గుతాయి, పిట్యూటరీ నుంచి ఎల్‌హెచ్ విడుదలయ్యే విడతలు పలచబడతాయి, అండాశయం కదలదు. దూడ ఎప్పుడూ పొదుగు దగ్గరే ఉంటే ఆలస్యం మరింత. ఈ గడ్డిలో మాంసకృత్తుల లోటు తగ్గించేందుకు నూరు కిలోల గడ్డికి 4 కిలోల యూరియా నీళ్లలో కలిపి చల్లి, 21 రోజులు గాలి చొరకుండా కప్పి మాగబెట్టడం పాత పద్ధతే.

వేసవిలో చిక్కు వేరు. మేలో పగటి వేడి 42 డిగ్రీల దాకా పోతుంది; థైరాయిడ్ హార్మోన్లు తగ్గి ప్రొలాక్టిన్ పెరుగుతుంది. పగటి పొడవు పెరిగినా ప్రొలాక్టిన్ పెరుగుతుంది. ఇక్కడ డిసెంబరు పగటికీ జూన్ పగటికీ తేడా రెండున్నర గంటలే కాబట్టి మే నాటి పెరుగుదలను వెలుతురుకే కట్టబెట్టడం తొందరపాటు. 16 గంటల వెలుతురుతో పాలు పెరుగుతాయన్న చల్లని దేశాల ఫలితాన్ని విని రాత్రంతా బల్బు వెలిగించడమూ అంతే: మిగతా 8 గంటల చీకటి లేనిదే మెలటోనిన్ లయ నిలవదు. మేతలో ఎక్కువ భాగం చల్లబడ్డాక వేస్తే, కడుపులో పులిసే వేడి మధ్యాహ్నపు ఎండతో కలవదు.

ఎద సంగతీ చీకటి పడ్డాకే తేలుతుంది. ఎండకాలంలో ఎద కురచ, అదీ తరచు రాత్రివేళ. కట్టేసిన ఆవు మరో ఆవు మీదికి ఎక్కలేదు, తన మీదికి ఎక్కనివ్వనూ లేదు. పొద్దున పాలు పితికేవారికి ఏమీ కనబడదు. అందుకని చీకటి పడ్డాకా తెల్లవారుజామునా కాసేపు కట్లు విప్పి చూడాలి, వారానికి రెండుసార్లు పాలలో ప్రొజెస్టిరాన్ కొలవాలి. అది వారాల తరబడి అడుగునే ఉంటే ఆవు నిజంగానే ఎదకు రానిది. ఎగుడుదిగుళ్లు క్రమంగా కనిపిస్తూ ఎద మాత్రం నమోదు కాకపోతే అది మూగ ఎద కావచ్చు, లేదా మనం నిద్రపోయిన వేళ వచ్చిపోయిన ఎద కావచ్చు.