రోగికంటే ముందు బొమ్మ గుండె

సైకిలు నేర్చుకునేటప్పుడు మీరు ఒకటి రెండుసార్లు కిందపడే ఉంటారు. మోకాలు చెక్కుకుపోయినా, అది మీ మోకాలే. మరి గుండెలోకి గొట్టం పంపడం నేర్చుకునే డాక్టరు పొరపాటు చేస్తే దెబ్బ తగిలేది ఎవరికి?

1929లో జర్మనీలోని ఎబెర్స్‌వాల్డె పట్టణంలో వెర్నర్ ఫోర్స్‌మన్ అనే యువ వైద్యుడు ఆ దెబ్బకు తానే సిద్ధపడ్డాడు. తన చేతి సిరలోంచి కాథెటర్ అనే సన్నని గొట్టాన్ని లోపలికి పంపి, ఎక్స్‌రే గదికి నడిచి వెళ్ళాడు. గొట్టం కొస గుండె కుడిభాగానికి చేరినట్లు ఫొటోలో కనిపించింది. ఈ కృషికి 1956లో మరో ఇద్దరితో కలిసి ఆయన నోబెల్ బహుమతి అందుకున్నాడు. కానీ ప్రతి డాక్టరూ తన గుండెమీదే నేర్చుకోలేడు కదా!

దారి విమానరంగం చూపింది. ఆ 1929లోనే అమెరికాలో ఎడ్విన్ లింక్ నేలమీదే ఉండి విమానం నడపడం నేర్పే యంత్రం తయారుచేశాడు. 1934లో టపా మోసే సైనిక విమానాలు వరుసగా కూలి పైలట్లు చనిపోయాక గానీ సైన్యం ఆ యంత్రాలను కొనలేదు.

వైద్యంలో 1968లో మయామి విశ్వవిద్యాలయానికి చెందిన మైకేల్ గోర్డన్ ‘హార్వే’ అనే బొమ్మను ప్రదర్శించాడు. దాని నాడి పట్టుకుని, స్టెతస్కోపుతో గుండె చప్పుళ్ళు విని, విద్యార్థులు జబ్బులను గుర్తించవచ్చు. అయితే హార్వే నేర్పింది పరీక్ష చేయడమే, చికిత్స కాదు.

1977 సెప్టెంబరు 16న జూరిక్‌లో ఆండ్రియాస్ గ్రూయెంట్‌జిగ్ మెలకువగా ఉన్న రోగి గుండె ధమనిలో చిన్న బెలూనును ఉబ్బించి, ఇరుకైన చోటును వెడల్పు చేశాడు. అంతకుముందు ఆయన కుక్కలమీద, మృతదేహాలమీద ఆ పద్ధతిని పరీక్షించాడు. యాంజియోప్లాస్టీ వ్యాపించేకొద్దీ దాన్ని నేర్చుకోవలసిన డాక్టర్ల సంఖ్య పెరిగింది. వారు గురువు పక్కన నిలబడి, రోగిమీదే చేయి తిప్పుకోవలసి వచ్చేది.

కంప్యూటర్ సిమ్యులేటర్లు ఈ లోటును కొంత పూడ్చాయి. వీటిలో డాక్టరు కాథెటర్‌ను బొమ్మలోకి తోస్తాడు. సెన్సార్లు దాని కదలికను పసిగడతాయి. తెరమీద ఎక్స్‌రే దృశ్యం కదులుతుంది. మోటార్లు చేతికి ఒత్తిడి తగిలేలా చేస్తాయి. ఎక్స్‌రే ఎంతసేపు వాడిందీ, రంగుమందు ఎంత ఎక్కించిందీ యంత్రం లెక్కకడుతుంది. తప్పు జరిగితే మళ్ళీ మొదలుపెట్టవచ్చు. 2004లో అమెరికా ప్రభుత్వ నియంత్రణ సంస్థ మెడ ధమనిలో అమర్చే స్టెంటును ఆమోదించినప్పుడు, డాక్టర్ల శిక్షణలో సిమ్యులేటర్‌కూ చోటు దక్కింది.

ఇంతటితో సమస్య తీరిపోలేదు. యంత్రానికి భయం లేదు, నొప్పి లేదు; దాని ధమని తయారుచేసినవారు ఊహించిన తీరునే ప్రవర్తిస్తుంది. అందుకే రోగి దగ్గర అనుభవజ్ఞుడైన గురువు నేటికీ అవసరమే. మీలో ఎవరైనా రేపు డాక్టరైతే, మీ చేతికి మొదటిసారి చిక్కే రోగికి మీరు చేయగల మేలు ఒకటుంది: అతని దగ్గరికి వెళ్ళేముందే మీ తొలి తప్పులను బొమ్మమీద చేసి రావడం.