కాన్ ఫోల్డర్ గోత్రం

ధర్మపురిలో గోదావరి ఒడ్డున తర్పణానికి కూర్చుంటే అయ్యగారు ముందు గోత్రం అడుగుతారు. ఆ తర్వాత తండ్రి, తాత, ముత్తాత పేర్లు. ముత్తాత దగ్గరికి వచ్చేసరికి చాలామంది నీళ్లు నములుతారు. ఇంట్లోని ముసలివాళ్లకు ఫోన్ చేసి కనుక్కునేవాళ్లూ ఉంటారు. మన బల్ల మీది కంప్యూటరుకు మాత్రం ఆ ఇబ్బంది లేదు. ముత్తాత పేరు మరిచిపొమ్మన్నా మరిచిపోదు.

జగిత్యాలలో కంప్యూటర్ నేర్చుకునే రోజుల్లో మాకొక పందెం ఉండేది. "అరేయ్, సి ఓ ఎన్, కాన్ అని ఫోల్డర్ పెట్టు సూద్దాం. బిల్ గేట్స్‌తోని గూడ కాదంట!" నిజంగానే కాలేదు. ఎన్నిసార్లు కొట్టినా ఆ పేరు చెల్లదనేది. ఏదో శాపం ఉందనుకునేవాళ్లం. తీరా చూస్తే అది శాపం కాదు, వంశపారంపర్యం.

1974లో గ్యారీ కిల్డాల్ చిన్న కంప్యూటర్ల కోసం సీపీ/ఎం అనే ఆపరేటింగ్ సిస్టమ్ రాశాడు. అందులో కాన్ అంటే కన్సోల్, అంటే కీబోర్డూ తెరా. ఇంటెల్ 8086 చిప్‌కు సరిపడే సీపీ/ఎం రావడం ఆలస్యమైంది. ఎదురుచూసి విసిగిన టిమ్ పాటర్సన్ 1980లో సొంతంగా ఒకటి రాసుకున్నాడు. సీపీ/ఎం ప్రోగ్రాములను సులువుగా దానికి మార్చుకునేలా పాత పద్ధతులనే ఉంచాడు. 1981లో మైక్రోసాఫ్ట్ దాన్ని కొనుక్కుంది. అదే డాస్. కాన్ అనే పేరూ, డ్రైవులకు ఏ, బీ అనే అక్షరాలూ ఆ దారినే వచ్చాయి. ఏ, బీ ఫ్లాపీలకు పోగా హార్డ్ డిస్కుకు సీ దక్కింది. ఫ్లాపీలు ఎప్పుడో కాలం చేశాయి. అన్నలిద్దరూ పోయినా మూడోవాడు మాత్రం ఇంకా మూడోవాడే!

తొలి డాస్‌లో ఫోల్డర్లే లేవు. 1983లో వచ్చిన రెండో డాస్ వాటిని యూనిక్స్ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్‌ను చూసి తెచ్చుకుంది. యూనిక్స్‌ను 1969లో బెల్ ల్యాబ్స్‌లో మొదలుపెట్టిన కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ అంతకుముందు మల్టిక్స్ మీద పనిచేసినవాళ్లు. ఫోల్డరులో ఫోల్డరు పెట్టే చెట్టు పద్ధతి మల్టిక్స్‌దే. యూనిక్స్ అన్న పేరు కూడా మల్టిక్స్‌ను ఆటపట్టిస్తూ పెట్టిందే. ఫోల్డర్ల పేర్ల మధ్య యూనిక్స్ ఏటవాలు గీత గీసేది. డాస్ అప్పటికే ఆ గీతను వేరే పనికి వాడుకుంటోంది. చేసేది లేక గీతను అటు నుంచి ఇటు తిప్పింది. డాస్ వారసత్వం అందుకున్న విండోస్ ఇప్పటికీ ఆ తిరగేసిన గీతతోనే నడుస్తోంది. ఇక కాన్ సంగతి. డాస్‌లో ఫోల్డర్లు పుట్టకముందే ఆ పేరు కన్సోల్‌కు ఖాయమైపోయింది. పాత ప్రోగ్రాములు ఆగిపోకూడదని ప్రతి ఫోల్డరులోనూ దాన్ని అలాగే నిలిపారు. మా పందెం గుట్టు ఇంతే.

ఇప్పటి విండోస్‌కు అసలు పునాది డాస్ కాదు, 1993 నాటి ఎన్‌టీ. డెక్ కంపెనీలో వీఎంఎస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ కట్టిన డేవ్ కట్లర్ మైక్రోసాఫ్ట్‌కు వచ్చి దాన్ని నిర్మించాడు. అంటే దత్తత పోయిన బిడ్డ లాంటిదన్నమాట. ఒళ్లు వీఎంఎస్‌ది, ఇంటి పేరు డాస్‌ది. మన హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్ల 1992లో మైక్రోసాఫ్ట్‌లో చేరి తొలినాళ్లలో ఈ ఎన్‌టీ ప్రచారానికే పనిచేశారు. ఆయన సారథ్యంలోనే 2016లో విండోస్ లోపల లినక్స్ ప్రోగ్రాములు నడిచే ఏర్పాటు వచ్చింది. 1991లో లినస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లినక్స్ యూనిక్స్ కట్టుబాట్లతో పెరిగిందే. విడిపోయిన పాలివాళ్లు మళ్లీ ఒకే గడపలోకి వచ్చినట్టయింది. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ తెలుగులో కనిపించే కంప్యూటరు తెరను తయారుచేసింది కూడా లినక్స్ మీదే. మన చేతిలోని ఆండ్రాయిడ్ ఫోను లోపలున్నదీ అదే లినక్స్.

నమ్మకం కుదరకపోతే ఇంట్లోని విండోస్ కంప్యూటరులో కాన్ అని ఒక ఫోల్డర్ పెట్టి చూడండి. విండోస్ 11 అయినా ఒప్పుకోదు.