షాంగ్ రాజుల ప్రశ్నలు

చైనాలో హెనాన్ ప్రాంతపు ఆన్‌యాంగ్ నగరం పక్కన షియావోతున్ అనే పల్లె ఉంది. అక్కడి రైతులు పొలాల్లో దొరికిన పాత ఎముకలను ‘డ్రాగన్ ఎముకలు’ అని మందుల అంగళ్లకు అమ్ముకునేవారు. వాటి మీది గీతలు ప్రాచీన లిపి అని 1899లో గుర్తించినవాడు పీకింగ్ రాజవిద్యాలయ అధిపతి వాంగ్ యిరోంగ్. జ్వరానికి తెప్పించిన మందులో ఆయనకు ఆ ఎముక కనిపించిందన్న కథ ప్రసిద్ధమే గానీ దానికి గట్టి ఆధారం లేదు. మరుసటి ఏడు విదేశీ సేనలు రాజధానిలో ప్రవేశించినప్పుడు ఆయన ఆత్మహత్య చేసుకున్నాడు. ఆయన సేకరించిన ఎముకల్లో ఎక్కువ భాగం మిత్రుడు లియు ఎ చేతికి వచ్చింది. ఆ శాసనాల సిరా ముద్రలను లియు ఎ 1903లో గ్రంథంగా వెలువరించడంతో వాటి పఠనం మొదలైంది.

అవి క్రీ.పూ. 13-11 శతాబ్దాల మధ్య షాంగ్ వంశపు రాజుల ఆస్థానంలో ప్రశ్న చూడడానికి వాడిన తాబేలు పొట్టచిప్పలు, ఎద్దు జబ్బ ఎముకలు. వెనకవైపు తొలిచిన గుంటకు నిప్పు తగిలిస్తే ముందువైపు బీట పడుతుంది. దాన్ని చూసి ఫలితం చెప్పేవారు. తరువాత ఆ ఎముక మీదే రోజు, ప్రశ్న అడిగిన దైవజ్ఞుడి పేరు, ప్రశ్న చెక్కేవారు. కొన్నింటి మీద రాజు చెప్పిన ఫలితం, చివరికి జరిగినదీ ఉంటాయి. మన ప్రభవ, విభవాదుల్లాగే వాళ్లకూ అరవై పేర్ల చక్రం ఉండేది. అయితే ఆ పేర్లు రోజులకు.

వు దింగ్ రాజు భార్య ఫూ హావో కానుపు గురించి జియాషెన్ నాడు అడిగిన ప్రశ్న ఒకటి ఉంది. పేరు ‘దింగ్’తో మొదలయ్యే రోజున ప్రసవిస్తే మంచిది, ‘గెంగ్’తో మొదలయ్యే రోజున ఇంకా మంచిది అన్నాడు రాజు. ముప్పై ఒకటో రోజున, జియాయిన్ నాడు ప్రసవమైంది. శుభం కాలేదు, ఆడపిల్ల అని చెక్కారు. ఆయన చెప్పిన రెండు రోజులూ కావు కాబట్టి రాజు మాట పోలేదు. కోరింది మాత్రం దక్కలేదు. వేల మంది సైన్యంతో ఫూ హావో యుద్ధానికి వెళ్లే విషయమై అడిగిన ప్రశ్నలూ ఉన్నాయి. 1976లో దొంగలు ముట్టని ఆమె సమాధి బయటపడింది. అందులోని కంచు పాత్రల మీద ఆమె పేరుంది.

దైవజ్ఞులు చరిత్ర రాద్దామనుకోలేదు. కానీ రోజునూ పేరునూ వదలకుండా చెక్కిన వారి అలవాటే చరిత్రకారుడికి ఆధారమైంది. ప్రాచీన చైనా చరిత్రకారుడు సిమా చియెన్ తన గ్రంథంలో షాంగ్ వంశావళి రాసేనాటికి ఆ వంశం అంతరించి దాదాపు వెయ్యేళ్లయింది. 1917లో పండితుడు వాంగ్ గువోవెయ్ పితృదేవతల పూజాక్రమం చెక్కిన ఎముకలతో ఆ వంశావళిని సరిపోల్చాడు. వేర్వేరు సేకరణల్లోని రెండు ముక్కలు ఆయన చేతిలో ఒకటిగా అతికాయి. సిమా చియెన్ బావో యీ, బావో బింగ్‌ల కన్నా ముందు పెట్టిన బావో దింగ్ నిజానికి వారి తరువాతివాడని తేలింది. అలాంటి చిన్న తేడాలు తప్ప పట్టిక చాలామటుకు నిలిచింది.

1928లో ఆన్‌యాంగ్‌లో ప్రభుత్వ తవ్వకాలు మొదలయ్యాయి. 1936లో ఒకే గోతిలో 17,000కు పైగా ముక్కలు దొరికాయి. అంతకుముందే, 1933లో పరిశోధకుడు దోంగ్ జువోబిన్ దైవజ్ఞుల పేర్లు, అక్షరాల తీరు వంటి పది ఆనవాళ్లతో శాసనాలను ఐదు కాలాలుగా విభజించాడు. ఒకే చిప్ప మీద కనిపించే దైవజ్ఞులు సమకాలికులన్నది ఆ విభజనకు కీలకం.

ప్రశ్న చూడడానికే వాడినా, షాంగ్‌ల తరువాతి జౌ యుగానికి చెందిన ‘ఐ చింగ్’ అనే గ్రంథం మరో దారిలో నిలిచింది. దాని అరవై నాలుగు రేఖాచిత్రాల కింది వాక్యాలను ఏ కాలపు మనిషైనా తన సందేహానికి అన్వయించుకోవచ్చు. రిచర్డ్ విల్‌హెల్మ్ 1924 జర్మన్ అనువాదం, 1950లో మనోవిజ్ఞానవేత్త యూంగ్ ముందుమాటతో వచ్చిన దాని ఇంగ్లీషు రూపం ఆ గ్రంథాన్ని పాశ్చాత్యుల ఇళ్లలోకీ చేర్చాయి. ఎముకల మీది మాట ఎవరికి పడితే వారికి వర్తించదు. ఒక రోజుకు, ఒక మనిషికి మాత్రమే చెందడంలోనే దాని ఆకర్షణ.

ఎముకల మీది లిపిలోని సుమారు 4,500 సంకేతాల్లో నిర్ధారణగా చదవగలుగుతున్నవి మూడో వంతు మాత్రమే. 2016లో ఆన్‌యాంగ్‌లోని చైనా లిపి సంగ్రహాలయం కొత్తగా చదివిన ఒక్కో అక్షరానికి లక్ష యువాన్ల బహుమతి ప్రకటించింది. ఇంకా చదవలేనివాటిలో చాలా భాగం మనుషుల, ఊళ్ల పేర్లు. వాక్యం అర్థమైనంత మాత్రాన పేరు పలకడం రాదు. అందుకే ఏ రోజున ఏం అడిగారో తెలిసినా, అడిగినవాడి పేరు గుర్తు దగ్గరే ఆగిపోవలసిన ఎముకలు ఇంకా ఉన్నాయి.